చిత్తూరులో రెండు గురువులు

వేసవి సెలవులయ్యాక కాలేజీకి వెళ్లి కంప్యూటర్లో నా ఆన్‌లైన్ కోర్సు తెరిస్తే, పాఠం రాసుకునే పెట్టె రూపమే మారిపోయి ఉంది. పైన ఎడిట్, వ్యూ, ఇన్సర్ట్, ఫార్మాట్ అంటూ వర్డ్‌లో మాదిరి ఒక మెనూ వరుస, దాని కింద బొమ్మల బటన్లు, చివర మూడు చుక్కలు. నాకు అలవాటైన బటన్లలో సగం ఆ మూడు చుక్కల వెనక దాక్కున్నాయి. ఆ సంగతి కనిపెట్టడానికే రెండు రోజులు పట్టింది.

నేను తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. మా ఆన్‌లైన్ పాఠాలన్నీ మూడుల్‌లో ఉంటాయి. 2002లో ఆస్ట్రేలియా నుంచి విడుదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అందులో పాఠం రాసుకునే పెట్టెను ఎడిటర్ అంటారు. 2014 నుంచి ఉన్న ఎడిటర్ పేరు అట్టో. మా స్టాఫ్‌రూమ్‌లో అందరం ఆటో అనే అనేవాళ్లం. 2022 నవంబరులో వచ్చిన 4.1 వెర్షన్‌తో టైనీఎంసీఈ అనే ఎడిటర్‌ను కొత్త రూపంలో తెచ్చారు. మా సర్వర్‌కు అది ఇప్పటికి చేరింది. తమాషా ఏమిటంటే, అట్టో రాకముందు ఉన్నది కూడా టైనీఎంసీఈ పాత రూపమేనట. పుట్టింటికి వెళ్లిన కోడలు కొత్త చీర కట్టుకుని తిరిగొచ్చినట్టుంది.

వ్యాసాలూ ప్రశ్నలూ పెట్టుకునేవాళ్లకు ఇదేమంత మార్పు కాదు. నా తలనొప్పంతా ఛందస్సుతో. గణవిభజన చేయాలంటే, అంటే పద్యపాదాన్ని గురువులు, లఘువులు గుర్తించి గణాలుగా విడదీయాలంటే, ప్రతి అక్షరం నెత్తిన గుర్తు కూర్చోవాలి. గురువుకు గిన్నె లాంటి గుర్తు, లఘువుకు నిలువు గీత. బోర్డు మీద సుద్దముక్కతో అరనిమిషం పని. కంప్యూటర్లో మాత్రం నేను ఇన్నేళ్లూ చేసిందేమిటంటే, పై వరుసలో గుర్తులు కొట్టి, స్పేస్‌బార్ నొక్కుకుంటూ ఒక్కోదాన్నీ కింది అక్షరం మీదికి నెట్టడం. వర్డ్‌లో, గౌతమి ఫాంటులో సరిచూసుకుని, కాపీ చేసి తెచ్చి అతికించేదాన్ని.

ఈసారి అతికిస్తే అక్షరాలు వచ్చాయి గానీ ఫాంటు రాలేదు. గుర్తులన్నీ పక్కకు జరిగాయి. మొదటి పాఠంలో నేను ఊరి పేర్లతో మొదలుపెడతాను. 'తిరుపతి' అంటే నాలుగూ లఘువులే, నల గణం. 'చిత్తూరు'లో చి తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి చి గురువు, త్తూ దీర్ఘం కాబట్టి గురువు, రు లఘువు. వెరసి త గణం. రెండు ఊళ్లూ ఇంద్ర గణాలే అంటే పిల్లలకు భలే సరదా. ఇప్పుడు చూస్తే చిత్తూరు రెండో గురువు ఏ అక్షరానికీ చెందకుండా ఖాళీలో నిలబడి ఉంది.

మా ల్యాబ్ అబ్బాయిని పిలిచాను. "ప్రిఫరెన్సెస్‌లో ఎడిటర్ ప్రిఫరెన్సెస్ అని ఉంటాది మేడమ్, ఆడికి పొయ్యి పాతదే పెట్టేసుకోండి" అన్నాడు. పెట్టుకున్నాను. హాయిగా ఉంది. మూడు వారాలు కొత్తదాని జోలికే పోలేదు.

ఆ హాయిని చెడగొట్టింది రెండో సంవత్సరం అమ్మాయి. ఏదో సందేహం అడగడానికి ఫోన్ పట్టుకుని వచ్చింది. అందులో తెరిచి ఉన్నది అప్పుడెప్పుడో పాత ఎడిటర్‌లో నేను ఎంతో ముచ్చటగా సర్దిన పాఠం. గుర్తులు చిందరవందరగా ఉన్నాయి. చివరి లఘువైతే కిందికి జారి వేరే వరుసలో పడింది. "ఇదేంటమ్మా, ఇట్లా ఉంది?" అన్నాను. "మాకు ఎప్పుడూ ఇట్లే కనపడ్తాది మేడమ్. మీరు బోర్డు మీద వేసింది చూసి రాసుకుంటాం" అంది. చాలా మర్యాదగా అంది. వాళ్ల ఫోన్లలో గౌతమి ఎక్కడుంటుంది? ఫాంటు మారితే అక్షరం వెడల్పు మారుతుంది, నేను లెక్కపెట్టి కొట్టిన ఖాళీలన్నీ వృథా. ఇన్నేళ్లూ ఆ పాఠాలు సరిగ్గా కనిపించింది నా ఒక్కదానికే.

ఆ సాయంత్రం మళ్లీ కొత్త ఎడిటర్‌కు మారాను. ఎలాగూ 2025లో వచ్చిన 5.0 వెర్షన్‌లో అట్టోను ప్రధాన ప్యాకేజీ నుంచి తీసేశారు. వ్యూ మెనూలో సోర్స్ కోడ్ అని ఉంటే నొక్కి చూశాను. ఒక్క పద్యానికి తెర నిండా ఎన్‌బీఎస్‌పీ, ఎన్‌బీఎస్‌పీ అని అదే మాట. నేను కొట్టిన ప్రతి ఖాళీకీ ఒకటి. సిగ్గేసింది.

గణవిభజనను ఫోటో తీసి పెట్టేస్తే సరిపోతుంది కదా అని ఒకరు అన్నారు. నా క్లాసులో చూపు లేని అబ్బాయి ఒకడున్నాడు. పాఠాలు ఫోన్ చదివి వినిపిస్తే వింటాడు. ఫోటోలోని గురువులనూ లఘువులనూ అది చదవలేదు. కాబట్టి పట్టిక వేయాల్సిందే.

టేబుల్ మెనూలో గళ్లు కనిపిస్తాయి, ఎన్ని కావాలో మౌస్‌తో లాగి చూపిస్తే చాలు. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు కదా అని 20 నిలువు గళ్లు, రెండు అడ్డ వరుసలు వేశాను. పైన గుర్తులు, కింద అక్షరాలు. కంప్యూటర్లో ముత్యాల్లా కుదిరాయి. ఫోన్‌లో చూస్తే సగం పాదం తెర అవతలే ఉండిపోయింది, వేలితో పక్కకు తోసుకుంటూ పోవాలి. మధ్యలో కరెంటు పోయింది. ఇంట్లో నాది డెస్క్‌టాప్, పని పోయినట్టే అనుకున్నాను. తిరిగి తెరిచేసరికి పట్టిక అట్లాగే ఉంది, ఎడిటర్ దానంతటదే డ్రాఫ్ట్ దాచిపెట్టింది. ఆ ఒక్క పనితో దాని మీద కోపం సగం పోయింది.

అన్నం తిని వచ్చి పాదాన్ని నిలువుగా తిప్పాను. ఒక్కో గణానికి ఒక్కో అడ్డ వరుస: భ, ర, న, భ, భ, ర, వ. మూడే నిలువు గళ్లు: గణం పేరు, అక్షరాలు, గుర్తులు. ఫోన్‌లో చక్కగా ఇమిడింది. అప్పుడు కనబడింది ఇంకో సంగతి. ఉత్పలమాలకు యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు, పదో అక్షరం. మొదటి మూడు గణాలకు తొమ్మిది అక్షరాలు పోతే, యతిస్థానం సరిగ్గా నాలుగో వరుస మొదట్లో వచ్చి కూర్చుంది! అడ్డంగా రాసినన్నాళ్లూ పిల్లలు వేళ్లు మడిచి లెక్కపెట్టేవాళ్లు. చంపకమాలకు ఈ సుఖం లేదు. దాని యతి పదకొండో అక్షరం, నాలుగో వరుసలో రెండోది అవుతుంది. అయినా వెతకడం తేలికే.

ఇంతా చేశాక టూల్స్‌లో యాక్సెసిబిలిటీ చెకర్ నొక్కితే రెండు తప్పులు పట్టింది: పట్టికకు శీర్షిక లేదు, పై వరుసను హెడర్‌గా పెట్టలేదు. నేను పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు కూడా ఇంత కచ్చితంగా ఉండను. టేబుల్ ప్రాపర్టీస్‌లో క్యాప్షన్‌కు టిక్ పెట్టి, రో ప్రాపర్టీస్‌లో వరుసను హెడర్‌గా మార్చాను. మర్నాడు ఆ అబ్బాయి విని, "గిన్నె గుర్తును ఇంగ్లిష్‌లో యూ అని చదువుతోంది మేడమ్, గురువు అని రాసేయండి" అన్నాడు. గుర్తుల గడిలో ఇప్పుడు గు, ల అని కూడా రాస్తున్నాను.

వృత్తాలు నాలుగూ పూర్తయ్యాయి. కందం దగ్గర ఆగాను. ఒకటో పాదానికి మూడు గణాలు, రెండో పాదానికి ఐదు. రెండు పాదాలకూ ఒకే పట్టిక వేయాలా, వేరువేరుగా వేయాలా తేలలేదు. ఆదివారం కూర్చోవాలి.