మూత వేసినా నిద్రపోని ల్యాప్‌టాప్

జనగామ దాటేసరికి ఒళ్లో ఉన్న సంచీ అట్లపెనంలా కాలింది. కాజీపేటలో రైలెక్కే ముందు ల్యాప్‌టాప్ మూత వేసి, నిద్రపోయిందిలే అనుకుని సంచీలో పెట్టాను. అది నిద్రపోలేదు. లోపల పంకా ఊపిరాడక తిరుగుతూనే ఉంది. సికింద్రాబాద్‌లో దిగి తెరిస్తే బ్యాటరీ పూర్తిగా అయిపోయింది. గైడు అచ్చు వేస్తానన్న పెద్దమనిషికి చూపించాల్సిన లెక్కలన్నీ అందులోనే ఉండిపోయాయి.

ఇది 2015 వేసవి మాట. హనుమకొండలో ఇంటర్ పిల్లలకు గణితం చెబుతాను, లెక్కలన్నీ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే రాసుకుంటాను. ఆ వారమే లినక్స్‌లో ఒక రకమైన డెబియన్ 7 నుంచి 8కి మారాను. కంప్యూటర్ మొదలవగానే అందరికన్నా ముందు లేచి మిగతావాళ్లను లేపే ప్రోగ్రామ్ ఇనిట్. డెబియన్ 8లో ఆ పెద్దరికం సిస్టమ్‌డీ అనే కొత్త ప్రోగ్రామ్‌కి దక్కింది. 2014 ఫిబ్రవరిలో డెబియన్ సాంకేతిక సంఘంలో ఓట్లు సరిసమానంగా చీలితే, అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో తేలిన వ్యవహారం అది. అంత తగువుపడ్డ వస్తువు నా ఇంట్లోకి ఎందుకని నాకు పట్టుదల. అంతకుముందున్న పాత ఇనిట్ పేరు సిస్వీ. దాని స్క్రిప్టులను తెరిచి చదువుకోగలను, చెడితే బాగుచేసుకోగలను. దాన్నే ఉంచుకున్నాను. సిస్టమ్‌డీ మళ్లీ దొడ్డిదారిన రాకుండా దాని ప్యాకేజీకి మైనస్ ఒకటి ప్రాధాన్యం, అంటే ఎప్పటికీ ఎక్కించవద్దని, కూడా రాసిపెట్టాను.

అంతటితో ఆగి ఉంటే ఈ కథే లేదు. పేరులో సిస్టమ్‌డీ అని ఉన్న ప్రతి ప్యాకేజీనీ వెతికి పీకేశాను. ఇంటిపేరు చూసి గెంటేశానన్నమాట.

రాత్రి ఇంటికి వచ్చి చూస్తే మెనూలో నిద్రపుచ్చే సస్పెండ్ మీటే లేదు. మా బావమరిది నవ్వాడు. వాడిది ఉబుంటు అనే మరో రకం లినక్స్. "ఎందుకు బావా ఈ యాతన? అందరూ వాడేది నువ్వూ వాడితే ఏం పోతుంది?" అన్నాడు. పోయేది నా పంతం. ఆ మాట వాడితో అనలేదు.

ముందు అసలు యంత్రానికి నిద్ర వస్తుందో రాదో చూద్దామనుకున్నాను. రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న వాడుకరిగా ప్రవేశించి, సిస్ ఫోల్డర్ కింద పవర్‌లో ఉండే స్టేట్ అనే ఫైలులో 'మెమ్' అని రాశాను. తెర ఆరింది, పంకా ఆగింది, చిన్న దీపం మెల్లగా మిణుకుమంది. మీట నొక్కగానే లేచింది కూడా. అంటే లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ ఏమీ మరచిపోలేదు. దానికి చెప్పేవాడే లేడు.

చెప్పేవాడు ఎక్కడికి పోయాడో తెలియడానికి రెండు రాత్రులు పట్టింది. ఇదివరకు డెస్క్‌టాప్ వెళ్లి, విద్యుత్తు సంగతులు చూసే యూపవర్ అనే ప్రోగ్రామ్‌ను అడిగేది, అది నిద్రపుచ్చేది. 2013లో వచ్చిన 0.99 కూర్పులో దాన్ని రాసేవాళ్లు ఆ పనే తీసేశారు. లాగిన్‌డీ అనే ఇంకో ప్రోగ్రామ్ అదే చేస్తోంది కదా, ఒక పనికి ఇద్దరెందుకన్నది వాళ్ల లెక్క. తప్పని అనలేను. కానీ లాగిన్‌డీ సిస్టమ్‌డీ ఇంటి మనిషి, అది లేని చోట సరిగా పనిచేయదు. అందుకోసమే డెబియన్‌లో సిస్టమ్‌డీ-షిమ్ అనే చిన్న ప్యాకేజీ ఉండేది. సిస్టమ్‌డీ వేషం కట్టి లాగిన్‌డీకి జవాబిచ్చేది. నాలాంటి మొండివాళ్ల కోసం ఎవరో కష్టపడి రాసిన దాన్ని నేనే మొదట పీకేశాను!

దాన్ని మళ్లీ పెట్టుకుంటే సరిపోయేది. నేను పెట్టుకోలేదు. మూత పడినప్పుడు కబురు చెప్పే ఏసీపీఐడీకి ఒక స్క్రిప్టు రాసి, అందులోంచి నిద్రపుచ్చే ఆదేశం పీఎం-సస్పెండ్‌ను పిలిచాను. మూత వేస్తే నిద్రపోయింది. మూత తెరిస్తే లేచి, రెండు క్షణాలు నా ముఖం చూసి, మళ్లీ నిద్రపోయింది. మళ్లీ మీట నొక్కి లేపాల్సి వచ్చింది. మూత వేసినా, తెరిచినా నా స్క్రిప్టుకు పిలుపు అందుతోంది. ప్రాక్ అనే ఫోల్డర్‌లో మూత స్థితి చెప్పే ఫైలు చదివి, 'క్లోజ్డ్' అని ఉంటేనే నిద్రపుచ్చమని ఒక షరతు చేర్చాక దారికి వచ్చింది. నిద్రపోయే ముందు తెరకు తాళం వేయించడానికి ఇంకో రెండు వరుసలు. మొత్తం పదకొండు.

నాలుగేళ్లు ఆ పదకొండు వరుసలే నడిపాయి. 2019లో డెబియన్ 10 వచ్చేనాటికి షిమ్‌ను చూసుకునేవాళ్లు లేక దాన్ని తీసేశారు. దాని బదులు, లాగిన్‌డీని సిస్టమ్‌డీ నుంచి విడదీసి వేరు కాపురం పెట్టించిన ఈలాగిన్‌డీ వచ్చింది. ఈసారి బుద్ధిగా పెట్టుకున్నాను. మెనూలో సస్పెండ్ మీట మళ్లీ కనిపించింది. సంతోషించి మూత వేసి తెరిస్తే, లేచి మళ్లీ పడుకుంది. పాత రోగమే అనుకుని నా షరతును పదిసార్లు చదివాను. తప్పు అక్కడ లేదు. మూత కబురు ఇప్పుడు నా స్క్రిప్టుకూ, ఈలాగిన్‌డీకీ ఇద్దరికీ అందుతోంది, ఇద్దరూ చెరొకసారి నిద్రపుచ్చుతున్నారు.

ఎవరో ఒకరు తప్పుకోవాలి. ఈలాగిన్‌డీ అమరికల ఫైలు తెరిచి, మూత సంగతి పట్టించుకోవద్దని రాశాను.