ఊహాశక్తి కాదండీ, చూపు

మా అక్క కూతురికి ఆరేళ్లు. దాన్ని వెంటబెట్టుకుని బయల్దేరితే పది నిమిషాల దారి అరగంట పడుతుంది. పెచ్చులూడిన గోడ దగ్గర ఒకసారి, తుప్పు పట్టిన గేటు దగ్గర ఒకసారి ఆగిపోతుంది. పూలమొక్కలు ఎదురైతే మాత్రం ఆగదు, చూసీ చూడనట్టు వెళ్లిపోతుంది.

ఇంట్లో అందరూ "దీనికి ఊహాశక్తి ఎక్కువ" అంటారు. నేను ఒప్పుకోను. ఊహాశక్తి ఉన్న పిల్లలు కుర్చీలని రైలు చేస్తారు, దుప్పటిని గుడారం చేస్తారు. ఇది అలాంటివేం చెయ్యదు. కంటికి కనిపించినదాన్ని ఉన్నదున్నట్టు చెబుతుంది. అంతసేపు చూసే ఓపిక లేని మనకి అది కవిత్వంలా వినిపిస్తుంది.

మొన్న ఓ చెట్టు కింద కూర్చున్నాం. నేలంతా ఎండ మచ్చలు. "మామయ్యా, ఆకుల సందులు వంకరటింకరగా ఉన్నాయి కదా, కింద మచ్చలన్నీ గుండ్రంగా ఎందుకున్నాయి?" అంది. తలెత్తి చూశాను, మళ్లీ నేల చూశాను. నిజమే. ఒక్కో చిన్న సందూ సూదిబెజ్జంలా పనిచేసి సూర్యుడి బొమ్మనే నేల మీద వేస్తుంది. సందు ఏ ఆకారంలో ఉన్నా సూర్యుడు గుండ్రం కాబట్టి మచ్చా గుండ్రమే. పాక్షిక సూర్యగ్రహణం రోజున ఇవే మచ్చలు నెలవంకల్లా మారిపోతాయి. దానికి మాత్రం "అవన్నీ సూర్యుడి ఫొటోలే" అని ఒక్క ముక్కలో చెప్పాను.

"మరి కొన్ని పెద్దగా, వెలిసిపోయినట్టు ఉన్నాయేం?"

అవి పై కొమ్మల సందుల్లోంచి వచ్చినవి. 3 మీటర్ల ఎత్తున్న సందు వేసే బొమ్మ దాదాపు 3 సెంటీమీటర్లుంటుంది, ఎత్తు రెట్టింపైతే బొమ్మా రెట్టింపు. ఇక అక్కణ్నుంచి ఏ మచ్చ ఏ కొమ్మదో తేల్చే పనిలో పడింది. లేపడం నా వల్ల కాలేదు.

సబ్బునీళ్ల సంగతి ఇంకా పెద్దది. బుడగలు ఊది పగలగొట్టడం మీద దానికంత మోజు లేదు. రింగుని సబ్బునీళ్లలో ముంచి, ఊదకుండా, నిలువుగా పట్టుకుని చూస్తూ కూర్చుంటుంది. రంగుల చారలు మెల్లగా కిందికి జారుతుంటాయి. ఓ రోజు "పైన చిరిగిపోయింది, కానీ పగల్లేదు" అంటూ పరిగెత్తుకొచ్చింది, వచ్చేలోపే అది పగిలింది. మళ్లీ ముంచి చూశాం. పై అంచున రంగులన్నీ పోయి నల్లటి ఖాళీ కనిపించింది, అచ్చం చిరుగులాగే. అక్కడా పొర ఉంది. నీళ్లు కిందికి దిగిపోయి పైభాగం పల్చబడే కొద్దీ రంగులు మారతాయి. మరీ పల్చబడ్డాక పొర ముందు నుంచి, వెనక నుంచి తిరిగొచ్చే వెలుగులు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, అందుకే నలుపు. న్యూటన్ 1704లో అచ్చయిన కాంతి పుస్తకంలో ఈ నల్లమచ్చ గురించి రాశాడు. గాలికి కదలకుండా బుడగ మీద గాజు బోర్లించి మరీ చూశాడట. అంతటివాడు చేస్తే పరిశోధన, ఆరేళ్ల పిల్ల చేస్తే ఊహాశక్తి!

ఇంకో మాట. పిల్లలు ఏదైనా చూపించగానే "అబ్బ, ఎంత బాగుందో!" అనేసి మళ్లీ ఫోన్లోకి వెళ్లిపోతాం. మెచ్చుకున్నట్టే ఉంటుంది గానీ నిజానికి అది సాగనంపడం. మా మేనకోడలు "బాగుంది" అని అనగా నేను పెద్దగా వినలేదు. "ఇటు రా, ఇది చూడు" అంటుంది, అంతే. వెళ్లి పక్కన కూర్చుని "ఎక్కడ?" అని అడిగితే చాలు, మిగతాది అదే చెబుతుంది.

ఇప్పుడు దాని కళ్లు కుళాయి మీద పడ్డాయి. ధార పైన లావుగా ఉండి కిందికొచ్చేసరికి ఎందుకు సన్నబడుతోందని ప్రశ్న. కింద పడేకొద్దీ నీళ్ల వేగం పెరుగుతుంది, వచ్చే నీళ్లేమో అన్నే, అందుకే సన్నబడక తప్పదని చెబుతున్నానో లేదో, అక్క వచ్చి కుళాయి కట్టేసింది. నీళ్లు వృథా అంది. అదీ న్యాయమే. దాంతో పిల్ల బేరం మొదలుపెట్టింది: కింద బకెట్ పెడతాను, ఆ నీళ్లు మొక్కలకి పోస్తాను, ఒక్కసారి తిప్పనివ్వు అని. అరబకెట్ దగ్గర ఒప్పందం కుదిరింది.