బొటనవేలి కింద గుంట

"చెయ్యి ఎట్లా ఆనించి పడినావక్కా?"

ఆమె కుడి అరచెయ్యి ముందుకు చాపి చూపించింది. సేటు ఇంట్లో బాత్రూం కడుగుతుంటే సబ్బునీళ్ళల్లో కాలు జారిందంట. "తలకాయ పగలకుండా చెయ్యి అడ్డం పెట్టినా నాయనా" అంది. మణికట్టు కొంచెం వాచింది. గాజులు తియ్యాలంటే రావడం లేదు. మట్టిగాజులు కూడా ఎక్స్‌రేలో పడతాయి, ఎముక మీద గీతలాగా అడ్డం వస్తాయి. అందుకని మోచేతి దాకా పైకి జరిపి, ప్లాస్టర్ ముక్క అతికించి నిలబెట్టాను.

కువైట్‌లో ఫర్వానియా వైపు ఒక చిన్న క్లినిక్‌లో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా నాకిది తొమ్మిదో ఏడు. మాది కడప జిల్లా ఖాజీపేట దగ్గర పల్లె. క్లినిక్‌కి వచ్చే తెలుగువాళ్ళల్లో ఎక్కువమంది మా వైపు వాళ్ళే. డ్రైవర్లు, ఇళ్ళల్లో పని చేసే ఆడవాళ్ళు, కట్టుబడి పనివాళ్ళు. నోరు తెరిస్తే ఏ ఊరివైపో తెలిసిపోతుంది. డాక్టర్ కేరళావిడ. "గూడ జారింది", "జబ్బ పట్టుకుంది", "తుంటి గుంజుతోంది" అని మనవాళ్ళు చెప్పేవి ఆమెకు అర్థమయ్యేలా చెప్పే పని కూడా నాదే.

ఇంటర్‌లో తెలుగు మీడియంలో భుజాల దగ్గరిది ఉరోమేఖల, తుంటి దగ్గరిది శ్రోణిమేఖల అని బట్టీ పట్టాను. మేఖల అంటే వడ్డాణం. ఒంట్లో 206 ఎముకలుంటే, కాళ్ళవీ చేతులవీ, వాటిని మొండేనికి తగిలించే ఈ రెండు మేఖలాలవీ కలిపి 126. కింది వడ్డాణం నిజంగానే వడ్డాణం. తుంటి ఎముకలు రెండూ వెనక వెన్నుపూసకు గట్టిగా బిగిసి ఉంటాయి, ముందర ఒకదానికొకటి కలుస్తాయి. పైది అట్లా కాదు. రెక్క ఎముక వీపు మీద కండరాల్లోనే తేలుతూ ఉంటుంది. చెయ్యి మొత్తం మొండేనికి ఎముకతో అతికేది ఒక్కచోటే. గొంతు కింద, కంటె ఎముక రొమ్ము ఎముకను తాకే చోట. బస్తా మోసినా, బిడ్డను ఎత్తుకున్నా ఎముక పరంగా ఉన్న ఆసరా అదే.

మా నాయన ఎర్రగుంట్ల బండల గనుల్లో పని చేసినాడు. నాపరాళ్ళు లారీకి ఎత్తీ ఎత్తీ కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగింది. "రెక్కాడితే గానీ డొక్కాడదు" అని ఇంట్లో రోజూ వినే మాటే. ఇక్కడికొచ్చి భుజాల ఎక్స్‌రేలు వందలు తీశాక ఆ మాట నాకు వేరేగా వినబడింది. భుజం గిన్నె చాలా లోతు తక్కువ, మూకుడు లాగా ఉంటుంది. అందుకే చెయ్యి అన్ని పక్కలకూ తిరుగుతుంది, ఒంట్లో ఇంకే కీలూ అంతగా తిరగదు. పెద్ద కీళ్ళల్లో ఎక్కువగా జారేదీ అదే. తుంటి గిన్నె లోతుగా ఉంటుంది, తొడ ఎముక గుండు దాంట్లో కూర్చుండిపోతుంది. అంత తేలిగ్గా ఊడదు, అన్ని పక్కలకూ తిరగనూ తిరగదు. పని చేసే చెయ్యి, నిలబెట్టే కాలు. దేని పని దానిది.

గూడ జారిన మనిషి గదిలోకి వస్తూనే తెలిసిపోతాడు. దెబ్బ తగిలిన చేతిని రెండో చేత్తో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకొని వస్తాడు. భుజం గుండ్రం పోయి మూలగా కనబడుతుంది. గోడౌన్‌లో బస్తాలు దించే రాజంపేట అన్న ఒకాయన అట్లా వచ్చి, "ఇక్కడ వద్దులే, లీవు పెట్టి పోయి పుత్తూరు కట్టు కట్టించుకుంటా" అన్నాడు. ఆ కట్టు మీద మా వైపు ఎంత గురి ఉందో నాకు తెలుసు, మా అవ్వ కూడా అక్కడికే పోయింది. అయితే గూడను గంటల మీద సరిచెయ్యాలి. విమానం టికెట్ దొరికేదాకా ఆగితే కండరాలు బిగుసుకుపోతాయి, నరం నలిగితే చెయ్యి తిమ్మిరెక్కిపోతుంది. చాలాసేపు బతిమలాడితే ఒప్పుకున్నాడు.

ఎక్స్‌రేతో ఒక తమాషా ఉంది. మనం అడగనిది చెబుతుంది. ఒకసారి అనంతపురం వైపు డ్రైవర్ ముంజేతికి తగిలిందని వచ్చాడు. రత్ని, అరత్ని రెండు ఎముకల మధ్య ఉత్త పొర ఉండాలి, అది ఎక్స్‌రేలో కనబడదు. అతనికి అక్కడ ఎముక అంచు నుంచి ముళ్ళకంప లాగా సున్నం పేరుకొని ఉంది. డాక్టర్ నన్ను పిలిచి, "మీ ఊర్లల్లో నీళ్ళు ఎట్లాంటివి?" అని అడిగింది. ఫ్లోరైడ్ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే అట్లా వస్తుంది. చిన్నప్పుడంతా బోరు నీళ్ళే తాగామన్నాడు. నడుము ఎప్పుడూ బిగదీసినట్టే ఉంటుందంట, సీట్లో కూర్చొని కూర్చొని అనుకున్నాడంట. ఊరి నీళ్ళు సముద్రం దాటి ఇంత దూరం వచ్చి ఆ ఎముకలో కూర్చున్నాయి. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

అడిగినది మాత్రం ఒక్కోసారి దాస్తుంది. మణికట్టులో చిన్న ఎముకలు ఎనిమిది. బొటనవేలి పక్కన ఉండేది స్కాఫాయిడ్, ఇంచుమించు జీడిపప్పు ఆకారం. అరచెయ్యి ఆనించి పడితే చాలాసార్లు అదే విరుగుతుంది. విరిగినా మొదటి రోజు ఎక్స్‌రేలో గీత కనబడకపోవచ్చు. దీనికి రక్తం వేళ్ళ వైపు నుంచి ఎక్కి, వెనక్కి ముంజేతి వైపు పారుతుంది. మా కేసీ కాలవ చివరి మడి లాగా. మధ్యలో గండి పడితే చివరి మడి ఎండిపోయినట్టు, ఎముకలో ఆ సగం చచ్చిపోతుంది.

నేను వచ్చిన రెండో ఏడు ఒక మేస్త్రీకి మణికట్టు ఎక్స్‌రే తీశాను. ఏమీ కనబడలేదు. బొటనవేలు పైకెత్తితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది చూడండి, అక్కడే నొప్పి అన్నాడు. ఆ మాట నేను అప్పటి డాక్టర్‌కి చెప్పలేదు. చేతిని చిటికెన వేలి వైపు వంచి తీసే ఎక్స్‌రే ఒకటుంది, ఆ ఎముక కోసమే తీసేది, అదీ తియ్యలేదు. బయట జనం ఎక్కువగా ఉన్నారు. ఏడాది తర్వాత అతనే వచ్చాడు. తాపీ పట్టుకుంటే చెయ్యి నిలబడటం లేదు. ఎముక రెండు ముక్కలుగా ఉండిపోయింది, ఒక ముక్క పక్కవాటికంటే తెల్లగా పాలిపోయి ఉంది. అకామా, అంటే ఇక్కడ ఉండేదానికి ఇచ్చే పర్మిట్టు, అయిపోవస్తోందని అతను ఊరికి పోయాడు. పేరు ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి ఆ గుంటలో నొప్పి అన్నవాళ్ళకు నా చేత్తో తెలుగులో చీటీ రాసి ఇస్తాను. "బొక్క విరగలేదని ఇంకా తేలలేదు. కట్టు తియ్యొద్దు. ఈ తేదీకి మళ్ళీ రావాల." కింద రెండు వారాల తర్వాతి తేదీ.

ఈ అక్కకూ అదే రాసిచ్చాను. నేను చెప్పేసరికి డాక్టర్ ఆ గుంటను నొక్కి చూసింది, అక్క "అమ్మా" అని చెయ్యి లాక్కుంది. బొటనవేలు కలిపి పట్టీ కట్టించింది. ఇంటావిడ మాత్రం ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కదా అని మూడో రోజే గిన్నెలు తోమించిందంట. పద్నాలుగో రోజు అక్క రాలేదు. ఆ ఇంటి డ్రైవర్ రాయచోటి పిల్లోడు, అతనితో రెండుసార్లు చెప్పి పంపాను. పదిహేడో రోజు వచ్చింది.

చిటికెన వేలి వైపు వంచి తీశాను. జీడిపప్పు నడుము దగ్గర వెంట్రుకంత నల్లగీత. ముక్కలు పక్కకు జరగలేదు. ఎనిమిది వారాలైనా సిమెంట్ కట్టు ఉండాలని డాక్టర్ అరబ్బీలో కాగితం రాసి, ఇంటావిడకు తనే ఫోన్ చేసి చెప్పింది.

కట్టు ఆరేదాకా అక్క బెంచీ మీద కూర్చుంది. పోయే ముందు ఫోన్ కవర్ వెనక నుంచి ఎడమ చేత్తో నా చీటీ తీసింది. మడతల దగ్గర చిరిగింది, మీద నూనె మరక.

"ఇది పెట్టుకో నాయనా. తేదీ కొట్టేసి ఇంకొకరికి ఇయ్యి."