బిందెలు ఎక్కువ, నీళ్ళు తక్కువ

రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే ఎవరి కళ్ళైనా ముందు బోల్డు అక్షరాల మీదికే పోతాయి. నా ఐరన్ రిపోర్టులో అలాంటివి నాలుగున్నాయి. మూడింటి పక్కన 'ఎల్', ఒక్కదాని పక్కన 'హెచ్'. హెచ్ ఉన్నది టోటల్ ఐరన్ బైండింగ్ కెపాసిటీ పక్కన. నాది 498, ఉండాల్సింది 250 నుంచి 450. రిపోర్టు కవర్లో పెట్టిస్తూ ల్యాబ్‌లో కూర్చునే ఆయన, నేను అడగకుండానే, "మీకు ఐరన్ ఎక్కువైంది మేడమ్. మాత్రలేమన్నా వేసుకుంటుంటే ఆపేయండి" అన్నాడు.

పైన సీరమ్ ఐరన్ 22 అని, తక్కువని ఉంది కదా అన్నాను. "అది రక్తంలోది. ఇది మొత్తం ఒంట్లోది. టోటల్ అని రాసుంది చూడండి" అని, ఇంకొకరి కవరు అందుకున్నాడు. అంత ధీమాగా చెప్తే ఎవరు నమ్మరు?

పరీక్ష రాసిన డాక్టరుగారు రిపోర్టు వాట్సాప్‌లో పెట్టమన్నారు. పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. అంతకుముందు హిమోగ్లోబిన్ 7.9 అని చూసి కూడా "ఈ వయసు ఆడవాళ్ళకి మామూలేనమ్మా, టెన్షన్ పడకండి" అని ఐరన్ మాత్రలు రాసిచ్చిన మనిషి ఆయనే. నెలసరి ఎలా వస్తుందని ఒక్క ముక్క అడగలేదు. అడిగుంటే చెప్పేదాన్ని, రెండేళ్ళుగా బడికి వెళ్ళేటప్పుడు బ్యాగులో ఇంకో చీర పెట్టుకుని వెళ్తున్నానని.

ఇంట్లో అందరికీ కనిపిస్తున్నవి వేరే. బడిలో మేడమీది క్లాసుకి పోయేసరికి ఆయాసం. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. అన్నిటికన్నా వింత, పచ్చి బియ్యం నమలాలనిపించడం. ఎసరు పెట్టి బియ్యం కడుగుతూ గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని. నానిన బియ్యం పళ్ళకింద నలుగుతుంటే ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. మా అత్త చూసిందంటే చాలు, "ఊరికే అట్ల బుక్కొద్దు పాపా, రక్తం నీళ్ళయిపోతాది. చెప్తే ఇనవు" అని అందరి ముందూ అనేది. ఈ రోగం నేనే తెచ్చుకున్నానని చుట్టాల్లో స్థిరపడిపోయింది. నిజానికి అది తిరగేసి చెప్పుకున్న సంగతి. బియ్యం, బలపాలు, మట్టి, ఐస్ తినాలనిపించడం చాలామందిలో ఐరన్ లోపం వల్లే వస్తుంది. ఐరన్ ఎక్కాక ఆ యావ దానంతటదే పోయింది.

మాత్రలు ఆపేశాను. ఆ తర్వాత వచ్చిన నెలసరి నన్ను మంచానికి పడేసింది. కడపలో మే నెల ఎలా ఉంటుందో తెలిసిందే. ఆ రాత్రి కరెంటు కూడా పోయింది. పడుకుంటే చెవిలో హుష్షు హుష్షుమని నా గుండె నాకే వినబడుతోంది. కుడివైపు తిరిగినా అదే, ఎడమవైపు తిరిగినా అదే. కాళ్ళు ఒకచోట నిలవక దుప్పటి తన్నేస్తున్నాను. ఒంట్లో ఐరన్ ఎక్కువైతే లివర్‌లో, గుండెలో పేరుకుంటుందని మా ఆయన ఫోన్లో చదివారు. అది ఆయన అబద్ధం చదవలేదు, నిజంగానే అలాంటి జబ్బుంది. నాకది లేదు, అంతే. కానీ ఆ చీకట్లో నాకేం తెలుసు? గుండె దడదడలాడిన ప్రతిసారీ ఇనుము అక్కడ చేరుతోందనే అనుకున్నాను. బీరువా తాళాలు ఎక్కడ పెట్టానో మా అమ్మాయికి చెప్పాను. అది ఏడుపు మొదలుపెట్టింది. రోజంతా నన్ను సాధించే మా అత్త తెల్లారేదాకా విసనకర్ర దించలేదు. బియ్యం సంగతి ఆ రాత్రి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

తెల్లవారుజామున రిమ్స్ ఆసుపత్రికి తీసుకుపోయారు. క్యాజువాలిటీలో ఉన్న హౌస్ సర్జన్ మా అమ్మాయికంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. నా కింది రెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది, ఈసీజీ తీయించింది. నేను కవరు చాపి, ఐరన్ ఎక్కువైందట తల్లీ అన్నాను. చదివి, "ఎవరు చెప్పినారు ఆంటీ మీకు?" అంది. తర్వాత ఆ అమ్మాయి చెప్పినట్టు నాకింతవరకూ ఎవరూ చెప్పలేదు.

"మీ వీధిలో రెండ్రోజులు నీళ్ళు రాకపోతే కొళాయి కాడ బిందెలు పెరుగుతాయా, తగ్గుతాయా? ఈ 498 బిందెల లెక్క ఆంటీ, నీళ్ళది కాదు."

ఆ బిందె పేరు ట్రాన్స్‌ఫెరిన్. లివర్ తయారుచేసే ప్రోటీన్. పేగులు పీల్చుకున్న ఇనుమునీ, పాత ఎర్రకణాలు విరిగితే వచ్చే ఇనుమునీ ఎముకల్లోని మూలుగకు మోసుకుపోతుంది. కొత్త రక్తం తయారయ్యేది అక్కడే. ఇనుము కరువైతే లివర్ ఇంకా ఎక్కువ ట్రాన్స్‌ఫెరిన్ చేసి పంపుతుంది. అందుకే టోటల్ అంకె పెరుగుతుంది. నిండింది ఎంతో తెలియాలంటే సీరమ్ ఐరన్‌ని టోటల్‌తో భాగించి నూరుతో హెచ్చించాలి. 22ని 498తో భాగిస్తే నాకు 4 శాతం. మామూలుగా 20 నుంచి 50 దాకా ఉండాలి. నిల్వ ఎంతుందో చెప్పేది ఫెరిటిన్, నాకది 5.

ఈ నాలుగూ కలిపి చదవాలి, విడివిడిగా కాదు. ఇప్పుడు మా స్టాఫ్‌రూమ్‌లో రిపోర్టు తెచ్చినవాళ్ళందరికీ ఇదే చెప్తున్నాను, డాక్టర్లు నన్ను తిట్టుకున్నా సరే. దీర్ఘకాలం కీళ్ళవాతమో, కిడ్నీ జబ్బో ఉంటే సీరమ్ ఐరన్ తక్కువే వస్తుంది, కానీ టోటల్ పెరగదు, తగ్గనూవచ్చు. జ్వరం, వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ పైకి పోయి బాగున్నట్టు చూపిస్తుంది. కడుపుతో ఉన్నా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా టోటల్ పెరుగుతుంది. తలసీమియా మైనర్ అని, అమ్మానాన్నల నుంచి వచ్చే రక్తలోపం ఉన్నవాళ్ళకి ఎర్రకణాలు చిన్నవిగా ఉన్నా ఐరన్ సరిపడా ఉండొచ్చు. వాళ్ళు ఊరికే మాత్రలు మింగకూడదు. రక్తం పొద్దున పరగడుపున ఇవ్వడం మంచిది. ముందురోజు నుంచి ఐరన్ మాత్ర ఆపాలో లేదో ల్యాబ్‌లో కాకుండా డాక్టరునే అడగండి.

ఆ పొద్దుటికి నా హిమోగ్లోబిన్ 6.6. ఒక యూనిట్ రక్తం ఎక్కించారు, తర్వాత సెలైన్‌లో ఐరన్. స్కానింగులో గర్భసంచిలో గడ్డ కనబడింది, నెలనెలా అంత రక్తం పోయింది అందుకే. బయట ఒకచోట చూపిస్తే గర్భసంచి మొత్తం తీయించుకోమన్నారు, "ఇంక దాంతో ఏం పని?" అని. ఏం మాటది! ఇంకొక మేడమ్ లోపలికి కెమెరా పంపి గడ్డ ఒక్కటే తీశారు. ఆవిడ చేతులకి దండం పెట్టాను.

దండాలు ఇంకా చాలా పెట్టాను. మా అత్త దేవుని కడప వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది. మా బడిలో ఉర్దూ చెప్పే మేడమ్ పెద్ద దర్గాకి తీసుకెళ్ళి దువా చేయించింది. ఉగాదికి ముస్లింలు దేవుని కడప గుడికి వచ్చే ఊరు మాది, మాకిది కొత్త కాదు. రక్తం మందులతోనే పెరిగింది, కాదనను. ఆ రాత్రి గడిపించింది ఎవరంటే మాత్రం నేను స్వామి పేరే చెప్తాను.

తిండి విషయంలో ఊళ్ళో అందరూ డాక్టర్లే. బీట్రూట్, దానిమ్మ, రాగిసంకటి. తినండి, మంచిదే. కానీ ఆరు దగ్గరున్న హిమోగ్లోబిన్ సంకటితో పన్నెండు కాదు. కారిపోతున్న రక్తం ఆపకుండా ఎంత పోసినా నిలవదు. ఐరన్ మాత్రతోపాటు టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలు వద్దు, కాసిన్ని నిమ్మకాయ నీళ్ళు మేలు. విరేచనం నల్లగా వస్తే హడలిపోకండి, అది మాత్ర రంగు. మాత్ర వేసుకోకుండా నల్లగా వస్తే మాత్రం వెంటనే పరుగెత్తాలి.

ఆ ల్యాబ్ ఆయన దగ్గరికి వెళ్ళి అడిగాను కూడా. "మిషను హెచ్ అని ఇచ్చింది మేడమ్, నేనేం చేసేది?" అన్నాడు. మాత్రలు ఆపమని మిషను చెప్పలేదు కదయ్యా అంటే నవ్వాడు.

మొన్న మా అమ్మాయికి వేరేచోట పరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ 12.2, ఇంట్లో అందరూ సంబరపడ్డారు. ఫెరిటిన్ చూస్తే 9. రక్తం ఇంకా తగ్గలేదు గానీ నిల్వలు అడుగంటాయన్నమాట. డాక్టరు రోజు విడిచి రోజు ఒక మాత్ర రాశారు. వేసుకుంటోంది. సాయంత్రం టీ మాత్రం మాననంటే మాననంటోంది. నిన్నటి నుంచి మా అత్త దాని వెంటపడింది.