పెయింటింగ్ ఆరేదాకా ఆగడం నేర్చుకున్నాం

నేను ఓటీ సిస్టర్‌ని. పదకొండేళ్లుగా ఆపరేషన్ థియేటర్‌లోనే పని. రెండేళ్ల కిందట సిజేరియన్ అయిన ఒకమ్మాయి తొమ్మిదో రోజున చంటిపాపతో, జ్వరంతో తిరిగొచ్చింది. కుట్ల దగ్గర చీము పట్టింది. డ్రెస్సింగ్ చేస్తుంటే "పాపకు పాలివ్వొచ్చా అక్కా?" అని అడిగింది. ఆపరేషన్ రోజు కోసే ముందు ఆమె పొట్టకు సూక్ష్మజీవులను చంపే మందు పూసింది నేనే, దాన్నే మేం పెయింటింగ్ అంటాం. చీము పట్టడానికి షుగరు, రక్తహీనత లాంటి కారణాలు ఎన్నో ఉంటాయి. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "మధ్యలో మొదలుపెట్టి బయటికి వెళ్లు" అన్నది తప్ప, పెయింటింగ్ గురించి నాకు ఎవరూ ఇంకేమీ నేర్పలేదు.

మేడమ్‌తో ఆ మాటే చెప్పాను. "అయితే నువ్వే చదివి అందరికీ నేర్పు" అన్నారు. ఆపరేషన్ చేసినచోట చీము పట్టకుండా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సూచనలు ముందు పెట్టుకుని కూర్చున్నాను.

పార్ట్ ప్రిపరేషన్, అంటే కోసే చోటును సిద్ధం చేయడం దగ్గరే గట్టి చిక్కు వచ్చింది. ఆపరేషన్ ముందు రోజు రాత్రి బ్లేడుతో షేవింగ్ చేయడం మా దగ్గర అలవాటు. ఆ పని చేసే వార్డు బాయ్‌ని అందరం బాబాయ్ అంటాం, నాకంటే చాలా పెద్దవాడు. బ్లేడు తగిలినచోట కంటికి కనపడని గాట్లు పడతాయి, తెల్లారేసరికి వాటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. వెంట్రుకలు అడ్డం రాకపోతే తీయనే వద్దు, తీయక తప్పకపోతే క్లిప్పర్‌తో కత్తిరించాలి, బ్లేడు మాత్రం వాడకూడదు. ఇదంతా చెప్పాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఇన్నేళ్లూ నేను చేసింది తప్పేనా అమ్మా?" అన్నాడు. "మనకెవరూ చెప్పలేదు బాబాయ్, నాకూ ఇప్పుడే తెలిసింది" అన్నాను. ఇప్పుడు క్లిప్పర్ ఆయన చేతిలోనే ఉంటుంది. దాని కత్తిరించే తల ఒకరికి వాడింది ఇంకొకరికి వాడనివ్వడు.

తర్వాత పెయింటింగ్. నీలి లైటు కింద మెరిసే జెల్ తెప్పించి, బొమ్మ పొట్టకు మందు పూసినట్టే పూయమన్నాను. గదిలో లైట్లు ఆపి చూస్తే బొడ్డు లోపల, గజ్జల మడతల్లో, నడుము పక్కల చీకటి మచ్చలు. నేను పూసినప్పుడూ బొడ్డు వదిలేశాను. ఆ రోజు నుంచి బొడ్డుకు వేరే స్వాబ్, అది కూడా అన్నిటికంటే ముందు. పూసే మందు ఆల్కహాల్ కలిపిన క్లోర్‌హెక్సిడిన్ అయితే ముందుకీ వెనక్కీ 30 సెకన్లు రుద్దాలి, తడిగా ఉండే గజ్జల్లో 2 నిమిషాలు. పైపైన పూసి వదిలేస్తే చర్మం మడతల్లోకి, వెంట్రుకల కుదుళ్ల దగ్గరికి మందు చేరదు.

"అన్నిటికీ ఇదేనా అక్కా?" అని కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. కంటికి, చెవి లోపలికి, మెదడు ఆపరేషన్లకు ఇది పనికిరాదు. వాటి కోసం బెటడిన్ అనే అయోడిన్ మందు సీసా పక్కనే ఉండాలి. ఇంకో భయం కూడా ఉంది. రంగు కలపని క్లోర్‌హెక్సిడిన్ చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది. 2004లో అమెరికాలోని సియాటెల్‌లో ఎక్స్‌రేలో రక్తనాళాలు కనపడేందుకు ఎక్కించే డై అనుకుని దాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చేశారు, ఆ పేషెంట్ చనిపోయింది. అందుకే పేరు రాయని గిన్నెలో ఏ మందూ పోయవద్దని ఆ అమ్మాయి చేతే లేబుళ్లు రాయించాను.

అన్నిటికంటే కష్టమైంది ఆగడం. మందు దానంతట అదే ఆరాలి, కనీసం 3 నిమిషాలు. గుడ్డతో తుడిస్తే పూసిందంతా పోతుంది. తడి ఉండగా కాటరీ (రక్తం ఆపడానికి కరెంటుతో కాల్చే పరికరం) వాడితే ఆల్కహాల్ ఆవిరికి నిప్పంటుకోవచ్చు. నడుము కిందికి కారకుండా పక్కల గుడ్డలు పెట్టి, డ్రేపింగ్‌కు, అంటే పేషెంట్ మీద శుభ్రమైన గుడ్డలు కప్పడానికి ముందే తీసేయాలి. అయితే ఎదురుగా సర్జన్ గారు గ్లోవ్స్ వేసుకుని "అయిందా సిస్టర్?" అంటుంటే 3 నిమిషాలు చాలా పెద్దవిగా ఉంటాయి. మొదటి వారం రెండుసార్లు నా గొంతు పెగల్లేదు. మూడోసారి "ఇంకా ఆరలేదు సార్" అన్నాను. మత్తు డాక్టర్ గారు "ఆగుదాం సార్, ఈలోపు చెక్‌లిస్ట్ చదివేద్దాం" అన్నారు. అప్పటి నుంచి ఆ 3 నిమిషాల్లోనే చెక్‌లిస్ట్ పైకి చదువుతున్నాం. పేషెంట్ పేరు, చేసే ఆపరేషన్, యాంటీబయాటిక్ గంటలోపు పడిందా లేదా. టెక్నీషియన్ గోడ గడియారం చూసి "మూడయింది" అనేదాకా కత్తి అందించను.

ఇంటికి పంపాక కూడా 30 రోజులు చూడాలి, ఎందుకంటే చీము చాలామందికి డిశ్చార్జ్ అయ్యాకే బయటపడుతుంది. ఇంతకుముందు వాళ్లు వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే మాకు తెలిసేదే కాదు. ఇప్పుడు రిజిస్టర్ పెట్టి ఫోన్లు చేస్తున్నాం. నిన్న ఒకామె కుట్టు దగ్గర కాస్త తడిగా ఉందంది. రేపటిదాకా ఆగొద్దమ్మా, సాయంత్రమే వచ్చేయమన్నాను.