ఒక్క సీసా డీఎన్ఏస్ కోసం

డీఎన్ఏస్-1, అంటే డీఎన్ఏని ముక్కలు చేసే ఎంజైమ్, సీసా నిన్న సాయంత్రం మా ల్యాబ్‌కి చేరింది. మైనస్ 20 ఫ్రీజర్‌లో పెట్టి తాళం వేశాను. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

ఏ రకం కావాలో తేల్చుకోవడం తేలికే. ఆర్ఎన్ఏ నమూనాల్లో మిగిలిన డీఎన్ఏని పోగొట్టాలంటే ఆర్ఎన్ఏస్ (ఆర్ఎన్ఏని ముక్కలు చేసే ఎంజైమ్) లేని గ్రేడే తీసుకోవాలి. కొటేషన్లు వచ్చాయి, నా రీసెర్చ్ గైడ్ సంతకం పెట్టారు.

అసలు కథ పర్చేజ్ సెక్షన్‌లో. అక్కడి పెద్దమనిషి ఇండెంట్ (కొనుగోలు కోరే ఫారం) చూసి, "బోవైన్ పాంక్రియాస్" అని అందరికీ వినిపించేలా చదివాడు. "ఏమ్మా, ఆవు మాంసం తెప్పిస్తున్నారా?" అన్నాడు. చుట్టూ నవ్వులు. పశువు క్లోమం నుంచి శుద్ధి చేసిన ప్రొటీన్ అని, వచ్చేది మిల్లీగ్రాముల తెల్లటి పొడి అని చెప్పాను. "మరి ఆవు పేరెందుకు ఉంది?" ఆఖరికి ప్రతి పేజీ మీదా "తినడానికి కాదు" అని నా చేత్తో రాయించి సంతకం పెట్టించాడు. ఆర్ఎన్ఏ చెడకుండా తీయడంలో మా డిపార్ట్‌మెంట్‌లో నన్ను మించినవాళ్లు లేరు. అలాంటిదాన్ని ఆ కౌంటర్ దగ్గర ఇంపొజిషన్ రాసే బడిపిల్లలా నిలబడ్డాను.

జంతు ఉత్పత్తుల దిగుమతికి 1898 నాటి చట్టం కింద అనుమతులు ఉంటాయి. సరుకు అక్కడ బయల్దేరకముందే శానిటరీ పర్మిట్ చేతిలో ఉండాలన్నారు. ఏ దేశపు పశువులో సర్టిఫికెట్ అడిగారు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. 1986లో బ్రిటన్‌లో పశువుల మ్యాడ్ కౌ జబ్బు బయటపడ్డాక ఆ జాగ్రత్త ఎవరైనా తీసుకుంటారు. తెలియనిది తెలియదని ఒప్పుకోకుండా ఎదుటిమనిషిని నవ్వులపాలు చేయడమే నాకు ఒళ్లుమండించింది. కుర్చీ ఉంటే చాలు, అన్నీ తెలిసినట్టే!

కొటేషన్ అడిగేటప్పుడే మూలం సర్టిఫికెట్, బ్యాచ్ అనాలిసిస్ కూడా అడిగి పెట్టుకోండి. జన్యువుని ఈస్ట్‌లో పెట్టి తయారుచేసిన రీకాంబినెంట్ రకం సరిపోతే అదే కొనండి. మా గైడ్ మాత్రం పాత ఫలితాలతో పోల్చాలని పశువుదే పట్టుబట్టారు, తిరగడం నా వంతయింది. పొడి కరిగించాక వోర్టెక్స్ (గిరగిరా కుదిపి కలిపే యంత్రం) మీద పెట్టకండి. గట్టిగా కలిపితే ఈ ఎంజైమ్ చచ్చిపోతుంది, సీసాని నెమ్మదిగా తిప్పితే చాలు.

పక్క ల్యాబ్ వాళ్లు పొద్దున్నే "అక్కా, కొంచెం ఇస్తావా" అంటూ వచ్చారు. ఇండెంట్ కాపీ చేతిలో పెట్టి పంపించాను.