వైర్‌లెస్ సెట్లో ఆయన గొంతు

నెలలో నాలుగో శనివారం నాది. రెండో శనివారం కూడా బ్యాంకుకి సెలవే కానీ, ఆ రెండు రోజులూ ఇంటి సరుకులకీ, బాబు చదువుకీ, వారమంతా వాయిదా వేసిన పనులకీ సరిపోతాయి. నాలుగో శనివారం మాత్రం ఎవరికీ ఇవ్వను. తెల్లవారుజామున ఐదింటికి గుంటూరు బస్టాండులో శ్రీశైలం వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తాను. దోర్నాలలో దిగుతాను. మా ఆయన అక్కడ నల్లమల అడవిలో బీట్ ఆఫీసర్, అంటే అడవిలో ఒక భాగాన్ని కాపాడే అటవీ ఉద్యోగి. వెళ్లి నాలుగేళ్లయింది.

"నువ్వే ఆ దగ్గర్లో ఏ మార్కాపురమో బదిలీ పెట్టుకోవచ్చు కదా" అని చాలామంది అడుగుతారు. అత్తయ్యకి వారానికి మూడుసార్లు డయాలసిస్. సోమ, బుధ, శుక్ర. ఇంటి నుంచి ఆస్పత్రికి ఆటోలో పది నిమిషాలు. ఆ పది నిమిషాలని వదులుకుని ఎక్కడికీ కదల్లేం. నేను వెళ్లిన రెండు రోజులు నరసరావుపేట నుంచి మా ఆడపడుచు వచ్చి ఇంట్లో ఉంటుంది. ఆవిడ రాకపోతే నా ప్రయాణమే లేదు. ఈ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

పోయినేడాది ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం చేశాక ఖర్చు లెక్క కూడా లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. సంచి మాత్రం బరువు. గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు, ఇస్త్రీ చేసిన రెండు జతల ఖాకీ బట్టలు, టార్చిలైటు బ్యాటరీలు. మొదట్లో ఆయనొక్కరికే సరిపడా చేసుకెళ్లేదాన్ని. రెండో రోజుకే సీసా ఖాళీ అయ్యేది. అడిగితే "బేస్ క్యాంపుకి పంపాను" అనేవారు. అడవి లోపల ఐదుగురు వాచర్లు రోజుల తరబడి ఉండే చోటు అది. అన్నం, పప్పు, ఉల్లిపాయలతో గడుపుతారు. అప్పట్లో కొంచెం కష్టంగా అనిపించేది. నూరింది నేను, తినేది ఎవరో. ఇప్పుడు ఆరుగురికి లెక్కేసే నూరుతున్నాను.

మొదటిసారి వెళ్లినప్పటి సంగతి చెప్పాలి. అప్పుడు శుక్రవారం సాయంత్రమే బయల్దేరాను. వినుకొండ దగ్గర బస్సు ఆగిపోయింది. ఇంకో బస్సు పట్టుకుని దోర్నాల చేరేసరికి రాత్రి తొమ్మిది దాటి ఇరవై నిమిషాలు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, ఉదయం ఆరింటికి తీస్తారు. ఆయన క్వార్టర్ గేటుకి అవతల. ఫోన్ చేస్తే, "గేటు తీయమని అడగలేను, అక్కడే మా సెక్షన్ ఆఫీసర్ గారింట్లో పడుకో, పొద్దున్నే వస్తాను" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఐదు నెలల తర్వాత చూడబోతున్న మనిషి, ఒక్క కర్ర పైకెత్తించలేడా? ఆ రాత్రి ముక్కూ మొహం తెలియని వాళ్లింట్లో చాప మీద పడుకుని ఏడ్చాను.

పొద్దున్న ఆరింటికి బండేసుకుని వచ్చారు. వెళ్తూ వెళ్తూ ఒక మలుపులో ఆపారు. రోడ్డు మీద నల్లటి మరక. వారం కిందట ఏదో వాహనం ఒక దుప్పిని కొట్టేసి వెళ్లిపోయిందట. కడుపులో పిల్ల ఉందట. "రాత్రి రోడ్డు వాటిది. తొమ్మిది తర్వాత మనం పోకూడదు. నా భార్యకి తీస్తే రేపు ఎవరికి వద్దనగలను" అన్నారు. నా కోపం అప్పటికప్పుడు పోలేదు. కానీ ఆ తర్వాత ఎప్పుడూ శుక్రవారం సాయంత్రం బయల్దేరలేదు.

ఇక మొన్నటి సంగతి. ఫిబ్రవరి 28, నాలుగో శనివారం.

ఈసారి వెళ్లేటప్పుడు టెన్షన్ పడుతూనే వెళ్లాను. 15న శివరాత్రి. శ్రీశైలానికి ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా వేల మంది అడవిలో నడిచి వస్తారు. ఆ పది రోజులూ అటవీ సిబ్బందిని ఎక్కడెక్కడి నుంచో తెచ్చి ఆ దారిలో వేస్తారు. వంట పొయ్యి ఆర్పకుండా వెళ్లిపోయే వాళ్లని చూసుకోవాలి, ప్లాస్టిక్ ఏరాలి, తప్పిపోయిన వాళ్లని వెతకాలి. ఆయన ఫోన్ వారం పాటు అందలేదు. అందిన రోజున, "ఎలా ఉన్నారు?" అంటే, "ఏం లేదు, మామూలే" అన్నారు.

ఈ "ఏం లేదు, మామూలే"తో నాలుగేళ్లు కాపురం చేశాను. ఏది అడిగినా ఇదే. తిన్నారా, మామూలే. నిద్ర పట్టిందా, మామూలే. ఫోన్ పెట్టేశాక నేను ఆ మాటని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకునేదాన్ని. చెప్పడానికి ఏమీ లేదా, నాకు చెప్పాలని లేదా అని.

దోర్నాలలో పదింటికి దిగాను. మనిషి సగమయ్యారు. మోచేతి మీద గీరుకుపోయిన గాటు, పైన పసుపు. ఏమిటంటే "ముళ్ల కంప" అన్నారు.

ఫిబ్రవరి చివర్లో నల్లమల చూడాలి. ఆకు రాలి, చెట్లన్నీ ఎముకల్లా నిలబడి ఉంటాయి. మధ్యలో ఎక్కడో ఒక మోదుగ చెట్టు ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉంటుంది. నేల కనపడదు, అంతా ఎండుటాకు. అడుగు వేస్తే అప్పడాలు నలిగినట్టు చప్పుడు. బాగుందని నేను ఆగి చూస్తుంటే, ఆయన అదే ఆకుని వేరేగా చూస్తున్నారు. "ఇంత మందం పడింది ఈసారి" అని చెయ్యి పెట్టి చూపించారు. మణికట్టు దాకా దిగింది.

మధ్యాహ్నం అన్నం వడ్డించాను. రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నారో లేదో, ఫోన్లో మెసేజ్. డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ సర్వే వాళ్లు ఉపగ్రహంలో మంట కనపడితే ఆ చోటు అక్షాంశ రేఖాంశాలతో మెసేజ్ పంపుతారు. చదివి, కంచంలోనే చెయ్యి కడిగేశారు. ఐదు నిమిషాల్లో ఎండుటాకు ఊదేసే బ్లోయర్ భుజాన వేసుకుని, మరో ముగ్గురితో జీపెక్కి వెళ్లిపోయారు. నా వైపు చూసి, "తలుపు వేసుకో. సెట్టు ఆపకు" అన్నారు, అంతే.

సెట్టు అంటే వైర్‌లెస్ సెట్. టీవీ ఉండాల్సిన చోట ఉంటుంది. నేను వచ్చినప్పుడల్లా దాని గరగర వినపడుతూనే ఉండేది, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒక వాచర్ భార్య, చెంచు ఆవిడ, చంకలో పిల్లతో వచ్చి గడప దగ్గర కూర్చుంది. వాళ్లాయన కూడా ఆ జీపులోనే వెళ్లాడు. లోపలికి రమ్మన్నాను, రాలేదు. నేనే కుర్చీ వదిలి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

నాలుగు దాటాక సెట్లో ఆయన గొంతు వచ్చింది.

నేను గుర్తుపట్టలేదు. నిజం చెబుతున్నాను, ఎవరో ఆఫీసర్ అనుకున్నాను. "కంట్రోల్, గాలి తిరిగింది. మేం వాగు ఒడ్డున లైన్ తీస్తున్నాం. ఇంకో బ్లోయర్ కావాలి, తాగడానికి నీళ్లు కావాలి. ఓవర్." పక్కనావిడ "మీ సారే" అంటే అప్పుడు తెలిసింది. మాట మాటకీ మధ్య ఖాళీ లేదు, తడబాటు లేదు. ఇంట్లో ఒక వాక్యం పూర్తి చేయని మనిషి.

కొండల్లో ఫైరింజన్ పోదు. ఎండుటాకు నేల మీద కాలుకుంటూ వస్తుంది కాబట్టి, దానికి ముందుగా వెళ్లి బ్లోయర్‌తో ఆకు ఊడ్చి, నేల కనపడేలా ఒక బాట తీస్తారు. మంట అక్కడిదాకా వచ్చి, కాలడానికి ఏమీ లేక ఆగాలి. దాటిన చోట పచ్చి కొమ్మలతో బాదాలి. అన్నీ తర్వాత తెలుసుకున్నాను. అప్పుడు నాకు తెలిసిందల్లా సెట్లోంచి వినపడిన టపటపమనే చప్పుడే. తుపాకీ అనుకుని గుండె జారిపోయింది. "వెదురమ్మా. కణుపులు పేలతన్నాయి" అంది ఆవిడ, పిల్లని నిద్రపుచ్చుతూ.

ఆరింటికి పొగ వాసన ఇంట్లోకి వచ్చింది. నేను లేచి తిరుగుతుంటే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చీకటి పడింది. ప్రతి అరగంటకీ ఆయన గొంతు ఒకటే పని చేసేది. ఒక్కొక్కరి పేరూ పిలిచేది. ఒక్కొక్కరూ పలికేవాళ్లు. వాళ్లాయన పేరు వచ్చినప్పుడల్లా ఆమె పిల్లని జో కొట్టడం ఆపేది. పలికాక మళ్లీ మొదలుపెట్టేది. ఒకసారి ఒక పేరు పిలిస్తే పలకలేదు. మళ్లీ పిలిచారు. పలకలేదు. మూడోసారి పిలిచినప్పుడు ఆయన గొంతులో వణుకు నాకు తెలిసింది. ఆ ఒక్క చోట అది మా ఆయన గొంతు. బాబుకి జ్వరం నూట నాలుగు దాటిన రాత్రి విన్నాను దాన్ని. కాసేపటికి ఆ అబ్బాయి పలికాడు, బ్యాటరీ అయిపోయి ఇంకొకరి సెట్లోంచి.

రాత్రి పదకొండున్నరకి జీపు వచ్చింది. పళ్లు తప్ప అన్నీ నల్లగా ఉన్నాయి. ముందు వాళ్లందరికీ అన్నం పెట్టాను. పొద్దుటి అన్నమే, గోంగూర కలిపి ముద్దలు చేసి చేతుల్లో పెట్టాను. ఎవరూ మాట్లాడలేదు. అందరూ వెళ్లాక ఆయన బట్టలు బకెట్లో వేస్తే నీళ్లు తారులా అయ్యాయి. మూడు నీళ్లు మార్చినా తెల్లబడలేదు. ఆ బకెట్ ముందు కూర్చుని, శివరాత్రి పది రోజుల్లో ఎన్ని బకెట్లు అయి ఉంటాయో, నాలుగేళ్లలో ఎన్నో అనుకున్నాను. ప్రతి వేసవిలో నేను గుంటూరులో ఫ్యాన్ కింద పడుకుని, "ఫోన్ కూడా చేయరు" అని అత్తయ్యతో అంటూ ఉన్న రాత్రుల్లో.

ఆదివారం ఆయన చాలాసేపు పడుకున్నారు. లేపలేదు. మామూలుగా అయితే ఉన్న కాసేపూ నిద్రేనా అని బాధపడేదాన్ని. ఆ రోజు పక్కన కూర్చుని, చేతి గాటుకి మందు రాసి, వెల్లుల్లి ఒలుచుకున్నాను. అంతకంటే ఏమీ కావాలనిపించలేదు.

బాబు ఒక పని చెప్పి పంపాడు. వాడికి ఏడేళ్లు. అడవి నుంచి ఏదైనా తేవాలి, ఏదుముల్లు అయితే బాగుంటుందన్నాడు. ఆయన ఒప్పుకోరు. పులుల రిజర్వులోంచి రాయి కూడా తీసుకురాకూడదు అంటారు. బదులుగా వాడి నోట్‌బుక్కులో పులి పాదం గీశారు, ఉన్న సైజులో. నాలుగు వేళ్లు, కింద మెత్త. గోళ్లు గీయలేదు. "నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది, అచ్చు పడదు. మగదైతే ఇలా చదరంగా, ఆడదైతే కొంచెం పొడుగ్గా" అని రెండూ గీశారు. గీస్తూ గీస్తూ, కెమెరాలు ఎప్పుడూ జంటగా ఎందుకు కడతారో కూడా చెప్పారు. దారికి అటొకటి, ఇటొకటి. పులి కుడి పక్క చారలు ఎడమ పక్కన ఉండవట. రెండు వైపులా ఫొటో పడితేనే అది ఏ పులో తేలుతుంది. 3,700 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఈ రిజర్వులో తన బీటులో తిరిగే పులిని ఎడమ భుజం మీద చారతో గుర్తుపడతారు. ఇంతసేపు ఆయన నాతో ఎప్పుడు మాట్లాడారో గుర్తులేదు. నేను అడ్డు రాలేదు.

మధ్యాహ్నం బస్సెక్కించారు. చెక్‌పోస్టు దాకా వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, "అత్తయ్య... కాదు, అమ్మ జాగ్రత్త" అన్నారు. అమ్మ గురించి నాతో ఎప్పుడు మాట్లాడినా నా అలవాటులోనే అత్తయ్య అనేసి మళ్లీ సరిదిద్దుకుంటారు.

సోమవారం డయాలసిస్. అత్తయ్యని తీసుకొచ్చి, బాబుకి అన్నం పెట్టి, తొమ్మిదిన్నరకి ఫోన్ చేశాను.

"ఏంటి విశేషాలు?"

"ఏం లేదు, మామూలే."

"మళ్లీ ఎక్కడైనా అంటుకుందా? ఏ కంపార్ట్‌మెంట్లో?" అడవిలో ఒక్కో భాగాన్ని వాళ్లు అలా పిలుస్తారు.

అటు వైపు కాసేపు చప్పుడు లేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. సెట్ గరగర మాత్రం వినపడుతోంది. కుర్చీ జరిపిన చప్పుడయింది.

"సాయంత్రం ఒకటి వచ్చింది" అని మొదలుపెట్టారు. "వాగుకి పైన, మొన్నటిదానికి ఉత్తరంగా..."

స్పీకర్ ఆన్ చేసి, బాబుని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను.